గుమ్మలవలస మునిసిపాలిటీకి టర్బో

డ్రైవరు తవిటినాయుడికి ముందుగా వచ్చేసినందుకు మెమో ఇచ్చారు.

ఆలస్యంగా వస్తే మెమో ఇవ్వడం అన్ని ఆఫీసుల్లోనూ ఉన్నదే. గుమ్మలవలస మునిసిపాలిటీలో మాత్రం ఆలస్యానికి మెమో ఇవ్వరు. ఇవ్వాల్సినవాళ్ళు అప్పటికింకా ఆఫీసుకి వచ్చి ఉండరు. ముందుగా రావడానికి మెమో ఇవ్వడం ఇదే మొదలు కాబట్టి, ఆ కాగితంలో ఏముందో తవిటినాయుడికి అంతుపట్టలేదు. హెడ్ క్లర్కు కామేశం గారే కళ్ళజోడు సవరించుకుని చదివి వినిపించారు.

"విషయము: రాళ్ళమెట్ట కాలనీకి మంచినీరు మోయు వాహనము, నిర్దేశిత కాలమునకు ముందుగా తిరిగివచ్చుట, సంజాయిషీ కోరుట గురించి. తెలియజేయునది ఏమనగా, సదరు వాహనము పోయి వచ్చుటకు లాగ్ బుక్కు ప్రకారము గత పదకొండేళ్ళుగా రెండు గంటల పది నిమిషములు పట్టుచుండెను. నేటి దినమున గంటా ఐదు నిమిషములలోనే తిరిగి వచ్చియున్నది. మిగిలిన గంటా ఐదు నిమిషముల ప్రభుత్వ సమయమును ఎవరి అనుమతితో మిగిల్చితిరో, ప్రస్తుతము ఎచట ఉంచితిరో ఇరువది నాలుగు గంటలలోగా వ్రాతపూర్వకముగా తెలియజేయవలెను."

"నానేటీ ఉంచలేదు బాబూ," అన్నాడు తవిటినాయుడు. "ఎల్లినాను, నీళ్ళు పోసినాను, వొచ్చీసినాను."

"అదే నాయనా నీ నేరం," అన్నారు కామేశం గారు జాలిగా. "పోగొట్టినా ఏదో ఒకటి రాసేవాణ్ణి. పోయినదానికి రిజిస్టరుంది. మిగిల్చావు చూడు, దానికి మన దగ్గర కాలమ్ లేదు."

మిగిల్చింది తవిటినాయుడు కాదు, వాడి బండి. బండికి ఆ తెలివి ఎలా వచ్చిందో చెబితే ఉద్యోగానికే ముప్పు.

ఆ పికప్పు బండికి ఇరవైమూడేళ్ళు. దాని వీపు మీద వెయ్యి లీటర్ల ట్యాంకు. రాళ్ళమెట్ట కాలనీలో అరవై ఇళ్ళు, అందులో ఒకటి తవిటినాయుడిది. కొండమీద ఉన్న ఒక్క బోరూ మార్చి రాకముందే ఉప్పెక్కి ఊరుకుంటుంది. ఆ తరవాత వానలు పడేదాకా కాలనీకి తవిటినాయుడి బండే గంగమ్మ. నిండు ట్యాంకంటే ఇంటికో బిందె. కానీ నిండు ట్యాంకుతో ఆ ముసలి ఇంజిను మూడో మలుపు దాటదు. అక్కడ ఒకటో గేరులో మూలిగి, ఆవిరి కక్కి, వెనక్కి జారుతుంది. అందుకని అర ట్యాంకే పోసుకెళ్ళేవాడు. అర ట్యాంకంటే ముప్ఫై బిందెల నీళ్ళూ, ముప్ఫై ఇళ్ళ తిట్లూ. రెండో ట్రిప్పు వేస్తానని ఏడేళ్ళ క్రితం అర్జీ పెట్టుకుంటే, రోజుకి ఒక్క ట్రిప్పే మంజూరైందనీ, రెండోది కావాలంటే మొదటిది రద్దు చేసుకోవాలనీ జవాబొచ్చింది.

తిట్లలో సగం వాడి సొంత అత్తగారు పారమ్మవే. "ఊరికల్లా అల్లుడు బండి తోలతన్నాడని సెప్పుకుంటన్నాను. నా బిందె మట్టుకు బోర్లించే ఉంతంది," అనేది.

ఈ బాధ పడలేక వాడు మెకానిక్ సన్యాసిరావు దగ్గరికి వెళ్ళాడు. సన్యాసిరావు ఇల్లూ కొండమీదే, వాడింట్లో బిందె కూడా బోర్లించే ఉంది. కాబట్టి బేరం లేకుండానే పని మొదలైంది. బోల్తాపడి తుక్కుకి పోయిన ఒక వ్యాను ఇంజినులోంచి ఊడదీసిన టర్బో వాడి షెడ్డులో ఓ మూల పడి ఉంది. చూడ్డానికి ఇనప నత్తగుల్లలా ఉంటుంది.

"ఇంజినంటే నీనాగే అనుకోరా," అని చెప్పాడు సన్యాసిరావు. "బరువు మోసినప్పుడు ఊపిరి సాలదు. గొట్టంలోంచి ఊరికే పోయే పొగుంది సూడు, దాని ఊపుకి ఇందులో ఒక సక్రం తిరుగుతాది. అదే ఇరుసుకి ఇటుపక్కన ఇంకో సక్రం. అది బయట గాలిని ఇంజిన్లోకి కూరుతాది. గాలి ఎక్కువైతే డీజిలు ఎక్కువ మండుతాది. అంతే, బయటికి పోయేదాని ఊపుతోటి లోపలికి వొచ్చేదాన్ని తోసీడం."

మూడు ఆదివారాలు పట్టింది. పొగ గొట్టం కోసి అతికాడు, ఇరుసుకి నూనె వెళ్ళేలా సన్నటి పైపు వేశాడు, డీజిలు పంపు కాస్త బిగించాడు. చివర్న వేలు చూపించి మరీ హెచ్చరించాడు. "ముసిలి ఇంజినురా ఇది. ఆశకి పోయి మరీ కూరీసినావంటే హెడ్డు గాస్కెట్టు ఎగిరిపోద్ది. పొద్దున్న స్టార్టు సేసిన ఎంటనే తొక్కకు. ఆపే ముందు ఒక నిమిషం ఊరికే తిరగనీ."

మర్నాడు తవిటినాయుడు నిండు ట్యాంకుతో బయల్దేరాడు. మూడో మలుపు దగ్గర అలవాటుగా దేవుణ్ణి తలుచుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. బోనెట్లోంచి 'స్సీ...' మని ఈల వినిపించింది. ఇరవైమూడేళ్ళ బండి పక్కింటి పిల్లాడి పిలుపు విన్న కుర్రదానిలా ఒక్కసారి తల ఎత్తి, మలుపు తిరిగి, కొండెక్కేసింది. తవిటినాయుడు సీట్లో ఎగిరెగిరి నవ్వాడు. ఎవరూ చూడ్డం లేదు కదా అని పాట కూడా అందుకున్నాడు. ఆ రోజు అరవై ఇళ్ళకీ బిందె నిండింది. పారమ్మ కొత్త అల్లుణ్ణి చూసినట్టు చూసింది.

ఆ సంతోషం ఒక్క పూటే. మధ్యాహ్నానికల్లా మెమో తయారైంది.

సంజాయిషీ వినడానికి కమిషనర్ ధర్మాంగదరావు గారు స్వయంగా కూర్చున్నారు. ఆయన ఈ మధ్యనే రాజధానిలో 'పాలనలో వేగం' అనే మూడు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు. వేగం ముఖ్యమని అక్కడ నొక్కి చెప్పారుగానీ అది ఎలా వస్తుందో చెప్పే నాలుగో రోజుకి నిధులు చాలలేదు. అప్పట్నించి ఆయన దాన్నే వెతుక్కుంటున్నారు.

దాచి లాభం లేదని తవిటినాయుడు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తుక్కు వ్యానూ, నత్తగుల్లా, రెండు చక్రాలూ. చేతులు కట్టుకుని సన్యాసిరావు మాటే అప్పజెప్పాడు. "బయటికి పోయేదాని ఊపుతోటి లోపలికి వొచ్చేదాన్ని తోసీడమే బాబూ. తప్పయిపోనాది. పీకీమంటే పీకీస్తాను."

కమిషనర్ గారు లేచి నిలబడ్డారు. కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"పీకడమా! కామేశం గారూ, విన్నారా? వ్యర్థం నుంచి వేగం! బహిర్గమనం ద్వారా అంతర్గమనానికి ప్రేరణ! మూడు రోజులు ముగ్గురు ప్రొఫెసర్లు చెప్పలేని ముక్క ఈ డ్రైవరు ఒక్క వాక్యంలో చెప్పాడు. మన ఆఫీసు కూడా ముసలి ఇంజినే కదా? అర్జీదారులు గాలి. సిబ్బంది ఇంజిను. మరి పొగ ఏది?"

కామేశం గారు ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఏ ప్రశ్నకీ తొందరపడి జవాబు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

"పని కాక బయటికి పోయేవాళ్ళు!" అన్నారు కమిషనర్ గారు. "రోజూ ఎంత ఊపుతో పోతారు! మెట్లు అదిరేలా, తలుపు ధనామనేలా! ఆ మహత్తరమైన శక్తిని మనం ఇన్నేళ్ళూ ఊరికే రోడ్డుమీదికి వదిలేశాం."

తవిటినాయుడి మీద మెమో రద్దయింది. బదులుగా వాణ్ణి 'టర్బో విషయ నిపుణుడు'గా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. వాడి ప్రాణం లేచొచ్చింది. ఉత్తర్వులో రెండో పేరా విన్నాక మళ్ళీ పోయింది. నమూనా వాహనాన్ని ఇతర మునిసిపాలిటీల వారు దర్శించేందుకు వీలుగా ఆఫీసు ఆవరణలో షామియానా కింద శాశ్వతంగా నిలపాలి. కొండ ఎక్కించరాదు. ఎక్కిస్తే నమూనాకి మరకలు పడతాయి.

"మరి కాలనీకి నీళ్ళు బాబూ?"

"ప్రత్యామ్నాయ వాహనం కోసం ప్రతిపాదన పంపుతున్నాం," అన్నారు కమిషనర్ గారు. "టర్బో విధానంలో పంపుతున్నాం. వేగంగా తిరిగొస్తుంది."

నిజంగానే వేగంగా తిరిగొచ్చింది. అక్కరలేదని రాసి, నాలుగు రోజుల్లో.

ఈలోగా ఆఫీసు గుమ్మానికున్న తలుపులు పీకించారు. నడుమ ఇనప స్తంభం నిలబెట్టి, దానికి నాలుగు చెక్క రెక్కలు బిగించారు. బయటికి పోయేవాడు ఒక రెక్క నెడితే, అవతల పక్క మెట్ల మీద నించున్నవాణ్ణి ఇంకో రెక్క వీపుమీద ఒక్కటిచ్చి లోపల పడేస్తుంది. కొబ్బరికాయ కొట్టి, తవిటినాయుడి చేత నూనె పోయించి, ప్రారంభం చేశారు.

మొదట బయటికి వచ్చినవాడు పుట్టిన తేదీ సర్టిఫికెట్ చేతికందినవాడు. కాగితం చూసుకుని మురిసిపోతూ రెక్కను మెల్లగా తాకాడు. తలుపు అర చుట్టు తిరిగి ఆగింది. లోపలికి ఒక్కరూ రాలేదు. తరవాత వచ్చినాయన ఇంటి పన్నులో పేరు మార్పించుకోవడానికి నాలుగేళ్ళుగా తిరుగుతున్నవాడు. ఆ రోజు కూడా కాదన్నారు. ఆయన రెక్కమీద చేత్తో కాదు, భుజంతో పడ్డాడు. తలుపు మూడు చుట్లు తిరిగింది. మెట్లమీదున్న ముగ్గురు అర్జీదారులూ, కమిషనర్ గారి క్యారేజీ తెస్తున్న బంట్రోతూ లడ్డూల్లా దొర్లుకుంటూ వచ్చి హాల్లో పడ్డారు.

"డేటా గమనించారా కామేశం గారూ?" అన్నారు కమిషనర్ గారు, చారు ఒలికిన చొక్కా దులుపుకుంటూ. "పని అయినవాడి వల్ల అర చుట్టు. పని కానివాడి వల్ల మూడు చుట్లు. పనిచేసి మనం ఇంతకాలం ఆఫీసుని ఎంత నష్టపరిచామో చూడండి."

"పెద్దగా నష్టపరచలేదు లెండి సార్," అన్నారు కామేశం గారు వినయంగా.

మర్నాటినుంచి అర్జీలన్నీ తిరస్కరించమని సర్క్యులర్ వచ్చింది. ఊరికే తిరస్కరిస్తే ఊపు చాలదు కనక, తిరస్కరించే ముందు ఒకసారి అయిపోయిందని చెప్పి ఆశపెట్టాలి. అర్జీదారు గొణుగుతూ పోతే ఆ గుమాస్తా పనితీరు సాధారణం. తిట్టుకుంటూ పోతే మెరుగు. చెప్పు తీస్తే ప్రశంసాపత్రం. టపాల సెక్షన్లో తొమ్మిదేళ్ళుగా నోరెత్తని ఒక గుమాస్తా ఒక్క వారంలో నాలుగు ప్రశంసాపత్రాలు సంపాదించి, అయిదోదానికి ముఖం చాటేశాడు.

నిపుణుడిగా తవిటినాయుడు ఏం చెప్పినా అది నియమమైపోయేది. ఇంజిను ఆపేముందు కాసేపు ఊరికే తిరగనివ్వాలన్నాడు. సిబ్బంది ఇంటికి వెళ్ళేముందు గంటసేపు ఏ పనీ చెయ్యకూడదని ఉత్తర్వు వచ్చింది. స్టార్టు చేసిన వెంటనే తొక్కకూడదన్నాడు. పొద్దున్న మరో గంట చేరింది. ఈ రెండు నియమాలూ ఏ శిక్షణా అవసరం లేకుండా ఆ రోజే పక్కాగా అమలయ్యాయి. ఇరుసుకి నూనె అందకపోతే చక్రం పట్టేస్తుందని చెప్పినప్పుడు సిబ్బంది అంతా ఒకేసారి తలలూపారు. ఆ విషయంలో వాళ్ళకి కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు.

ఆశకి పోయి ఎక్కువ కూరితే గాస్కెట్టు ఎగిరిపోతుందని కూడా వాడు చెప్పాడు. ఆ ఒక్కటీ ఎవరూ రాసుకోలేదు.

షామియానా కింద బండి మెరుస్తోంది. ఎవరో దానికి బంతిపూల దండ వేశారు. రోజుకి ఎనిమిది బృందాలు వచ్చి బోనెట్లోకి తొంగిచూసి, 'ఆహా' అని, టీ తాగి వెళ్ళేవి. తవిటినాయుడు ఎనిమిది సార్లూ అదే పాఠం అప్పజెప్పేవాడు. కొండమీద మాత్రం అరవై బిందెలూ బోర్లించే ఉన్నాయి. ఇదివరకు ముప్ఫై ఇళ్ళవాళ్ళు తిట్టేవారు, ఇప్పుడు అరవై ఇళ్ళవాళ్ళూ మాట్లాడ్డం మానేశారు. అది తిట్లకన్నా ఎక్కువ నొప్పించింది వాణ్ణి. తాను ఇంత చేసింది ఈ నోళ్ళు తడపడానికే కదా అనుకుంటే ఏడుపొచ్చేది.

ఒకనాడు పారమ్మ పాతికమంది ఆడవాళ్ళతో, ఖాళీ బిందెలతో, ఎండలో నాలుగు మైళ్ళు నడిచి షామియానా దగ్గరికి వచ్చింది.

"ఏటల్లుడా," అంది, దండ వేసిన బండిని కిందికీ మీదికీ చూసి. "దీనికి సంబరం సేస్తన్నారా, సంతాపమా? అర ట్యాంకు తెచ్చినప్పుడు నిన్ను తిట్టినాను సూడు, నా నోరు పడిపోను. ఉన్నదీ పోనాది, ఉంచుకున్నదీ పోనాది. నీ పిల్లలు ఉప్పు నీళ్ళు తాగి కక్కుకుంటన్నారు. నువ్వు ఇక్కడ ఊరోళ్ళకి టీలు పోయిస్తన్నావు."

తవిటినాయుడు తల దించుకున్నాడు. ముందుకు పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి. బండి తోలుకుపోతే సస్పెండు చేస్తారు. ఊరుకుంటే పిల్లల దాహం. బతిమాలి లాభం లేదు, వాడు అప్పటికి మూడు అర్జీలు పెట్టాడు, మూడూ తలుపు తిప్పడానికి పనికొచ్చాయి. అక్కడే నిలబడి ఆలోచించగా ఆలోచించగా ఒకటి తట్టింది. ఈ ఆఫీసులో మంచినీళ్ళు అడిగితే వినరు. టర్బో అంటే వింటారు.

నేరుగా కమిషనర్ గారి గదిలోకి వెళ్ళాడు.

"బాబూ, టర్బోలో ఒక ముక్క సెప్పడం మర్సిపోనాను. అలగ బలమంతాన కూరిన గాలి ఏడెక్కిపోతాది. ఏడి గాలి లోపలికెల్తే ఇంజినుకి సేటు. పెద్ద బళ్ళకి మజ్జిలో సల్లబరిసే డబ్బా ఒకటుంతాది. ఇంటర్‌కూలర్ అంతారు."

కమిషనర్ గారి కలం ఆగిపోయింది. తలుపు తన్ని పడేసిన అర్జీదారులు లోపలికి ఎలా వస్తున్నారో ఆయనకి తెలుసు. నిన్ననే ఒకాయన పడినచోటునుంచే తిట్టడం మొదలుపెట్టాడు. తిరస్కరించకముందే తిడితే ఆ ఊపు వృథా.

"ఎలా చల్లబరచాలి?"

"నీళ్ళతోటి బాబూ. మన ఆఫీసు బోరు మంచినీళ్ళే. హాల్లో నాలుగు పెద్ద డ్రమ్ములు పెట్టించి, కుళాయిలు బిగించండి. వొచ్చినోడు తాగినంత తాగాల, తెచ్చుకున్న బిందె నింపుకోవాల. బిందె మోసినోడికి కోపమొచ్చినా తిరగబడ్డానికి సెయ్యి ఖాళీ ఉండదు కదా."

సాయంత్రానికి డ్రమ్ములు వచ్చాయి. 'అంతర్గమన శీతలీకరణ విభాగము, అర్జీదారులకు మాత్రమే' అని బోర్డు రాశారు. మామూలు మనుషులు దాన్ని చలివేంద్రం అంటారు.

మర్నాడు రాళ్ళమెట్ట కాలనీ అరవై ఇళ్ళూ అర్జీదారులైపోయాయి. అందరిదీ ఒకటే అర్జీ: మా కాలనీకి రోజూ నిండు ట్యాంకు నీళ్ళు పంపవలెను. మెట్లమీద నించోవడం, తలుపు తన్నితే లోపల పడడం, నీళ్ళు తాగి బిందెలు నింపుకోవడం, అర్జీ తిరస్కరించాక బిందె చంకనెత్తుకుని తలుపు నెట్టుకుంటూ బయటికి రావడం. పారమ్మ నెడితే అయిదు చుట్లు తిరిగేది. ఆవిణ్ణి వరసలో ముందు నించోబెట్టమని కమిషనర్ గారు ప్రత్యేకంగా చెప్పారు.

నీళ్ళు దొరికాయి. కానీ నిండు బిందెతో నాలుగు మైళ్ళు, అందులో రెండు మైళ్ళు కొండ. రెండో రోజుకే ముసలివాళ్ళు ఆవరణలో కూలబడ్డారు. తిరస్కృతులంతా గేటు దగ్గర గుమిగూడి ఉంటే, కొత్తగా వచ్చేవాళ్ళకి దారి లేదు. తవిటినాయుడు ఇదీ చూశాడు. మళ్ళీ గదిలోకి వెళ్ళాడు.

"బాబూ, పొగ బోనెట్లోనే తిరిగితే ఇంజిను ఉక్కిరిబిక్కిరైపోద్ది. పొగ దూరంగా పోవాల. సైలెన్సర్ గొట్టం లేకుండా ఏ బండైనా ఉంతాదా?"

"అంటే?"

"తిరస్కరించినోళ్ళని ఎప్పటికప్పుడు దూరంగా... కొండ మీదికైనా సరే, తీసికెల్లి ఒగ్గీడానికి ఒక బండుండాల."

కమిషనర్ గారు బల్లమీద చరిచారు. "బహిర్గమన వాహనం! ఈ మాట ఇంతవరకూ ఏ మునిసిపాలిటీకీ తట్టలేదు. షామియానా కింద ఉన్నది సిద్ధంగానే ఉందిగా?"

"మరకలు..." అని కామేశం గారు ఏదో అనబోయారు.

"పొగ గొట్టానికి మరకలు సహజం," అని కమిషనర్ గారు సంతకం పెట్టేశారు. "ట్రిప్పుల పరిమితి కూడా లేదని రాయండి. గొట్టానికి ట్రిప్పులేమిటి?"

ఏడేళ్ళుగా రాని రెండో ట్రిప్పు ఆ రోజు అయిదుసార్లు నడిచింది. ట్యాంకు దింపేసిన బండిలో ట్రిప్పుకి పన్నెండుమంది ఆడవాళ్ళు, తలా ఒక నిండు బిందె. మూడో మలుపు దగ్గర టర్బో ఈల వేస్తే, వెనకనుంచి పన్నెండు గొంతులు దానికి వంత పాడాయి. పొద్దున్నే కిందికి దింపుకు రావడం కూడా వాడే చూసుకున్నాడు. ఖాళీ గొట్టం వెనక్కి తిరిగి రాక తప్పదు కదా.

ఇలా ఇరవై రోజులు హాయిగా జరిగిపోయాయి. ఆఫీసు రోజుకి రెండు వందల అర్జీలు తిరస్కరిస్తోంది. వేగంలో ప్రథమ స్థానమని ప్రకటన కూడా వచ్చింది. కాలనీలో పిల్లలు స్నానాలు చేస్తున్నారు. తవిటినాయుడితో అందరూ మాట్లాడుతున్నారు. పారమ్మ చేపల పులుసు పంపించింది.

ఇరవై ఒకటో రోజున ఘోరం జరిగింది. కామేశం గారి 'తిరస్కరించడమైనది' ముద్ర అరిగిపోయింది. రోజుకి రెండు వందలసార్లు కొడితే ఏ రబ్బరు నిలుస్తుంది? ఆయన సొరుగంతా వెతికితే అడుగున ఇంకో ముద్ర దొరికింది. కొత్తది, సిరా కూడా అంటనిది. కళ్ళజోడు నుదుటిమీదే ఉండిపోయిందేమో, ఏమి ముద్రో చూడకుండా వరసలో ముందున్న అర్జీమీద ఠపీమని కొట్టేశారు. అది పారమ్మది, కాలనీ అంతా వేలిముద్రలు వేసినది.

పారమ్మకి చదువు రాదు. కానీ ఇరవై రోజులుగా చూస్తున్న ఎర్రటి అచ్చు కాదిది. తవిటినాయుడికి చూపించింది. వాడు హాల్లోనే కూర్చుని అక్షరం అక్షరం చదివాడు.

"మంజూరు సేసీసినారత్తా."

"అంటే?"

"రోజూ నిండు ట్యాంకు నీళ్ళు పంపుతారంట."

ఒక్క క్షణం అందరి ముఖాలూ వెలిగాయి. ఆ తరవాత పారమ్మకే అనుమానం వచ్చింది. "ఏ బండిమీద?"

అదీ ప్రశ్న. కామేశం గారు చెమట తుడుచుకుంటూ నిబంధనలు తిరగేశారు. బండి ఒక్కటే, అది బహిర్గమన విధుల్లో ఉంది. నీళ్ళ బండి దొరికినప్పుడు పంపుతారు. ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేరు. పని అయిపోయింది కనక కాలనీవాళ్ళు ఇక అర్జీదారులు కారు, డ్రమ్ముల దగ్గరికి రాకూడదు. తిరస్కృతులు కూడా కారు, బండి ఎక్కకూడదు.

పాతికమంది ఆడవాళ్ళు ఒక్కసారి ఘొల్లుమన్నారు. ఆ ఆఫీసులో పని అయినందుకు జనం గుండెలు బాదుకోవడం అదే మొదటిసారి. "మా కొంప ముంచీసినారు బాబోయ్! మేమేటి పాపం సేసినాం, మంజూరు సేసీడానికి!"

గొడవ విని కమిషనర్ గారు వచ్చారు. మంజూరు మాట వినగానే ఆయన ముఖం పాలిపోయింది. రికార్డు చెడిపోయింది. కానీ ఆయన నిబంధనలు తెలిసిన మనిషి.

"మంజూరుని రద్దు చేసే అధికారం నాకు లేదు," అన్నారు. "అసలు ఆ ఫారమే లేదు. ఇంతవరకూ మనం ఏ అర్జీనీ మంజూరు చెయ్యలేదు గనక అవసరం పడలేదు."

తవిటినాయుడు చేతులు జోడించాడు. ఈసారి వాడి దగ్గర టర్బో ముక్కలేవీ మిగల్లేదు. తెల్లకాగితం తీసుకుని, పారమ్మ పేరుమీద ఉన్నమాటే రాశాడు: అయ్యా, మాకు చేసిన మంజూరు దయచేసి రద్దు చెయ్యవలెను. లేనియెడల మేము దాహముతో చచ్చిపోదుము.

కమిషనర్ గారు అది రెండుసార్లు చదివారు. కామేశం గారి చేతిలో కలం తీసుకుని, స్వహస్తాలతో రాసి, పైకి చదివారు.

"మంజూరు రద్దు కోరుచూ పెట్టుకున్న ఈ అర్జీ తిరస్కరించడమైనది."

పారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందుగా తేరుకున్నది తవిటినాయుడే. లేచి, కమిషనర్ గారి కళ్ళలోకి చూశాడు.

"తిరస్కరించీసినారా బాబూ? నిజంగానే?"

"నిస్సందేహంగా."

"అయితే ఈల్లు తిరస్కృతులే కదా?"

కమిషనర్ గారు కామేశం గారి వంక చూశారు. కామేశం గారు ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో మొదటిసారి తొందరపడి జవాబు చెప్పారు. "నిబంధన ప్రకారం తిరస్కృతులే సార్. వాహనానికి అర్హులే. డ్రమ్ములకి కూడా, అర్జీ పెట్టుకున్నారు గనక, అర్హులే."

అంతే, పాతికమందీ బిందెలు ఎత్తుకుని డ్రమ్ముల మీద పడ్డారు, నింపుకున్నారు, కేకలు వేస్తూ తలుపు మీదికి ఉరికారు. పారమ్మ భుజం ఆన్చింది. కమిషనర్ గారు దారి ఇద్దామని పక్కకి జరగబోయి రెండు రెక్కల మధ్య ఇరుక్కున్నారు. తలుపు పదకొండు చుట్లు తిరిగింది. ఆయన తిరుగుతూనే లెక్కపెట్టారు. "తొమ్మిది... పది... కామేశం గారూ, నోట్ చేసుకోండి... పదకొండు!" అంటూ మెట్లు దిగి, షామియానా గుంజ పట్టుకుని ఆగారు. ముఖం నిండా ఆనందమే. సంతోషంగా పోయేవాళ్ళ వల్ల కూడా పదకొండు చుట్లు తిరగడం సిద్ధాంతానికి విరుద్ధమని ఆయనకి ఆ క్షణాన తట్టలేదు.

బండి మూడో మలుపు ఎక్కేసింది. కొండమీద పిల్లలు ఎదురొచ్చి బిందెలు అందుకున్నారు. తవిటినాయుడు ఇంజిను ఒక నిమిషం ఊరికే తిరగనిచ్చి, ఆపి, కిందికి దిగాడు. పారమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. గడగడా తాగాడు.

"అల్లుడా," అంది ఆవిడ పక్కన కూర్చుని, "మరి రేపు ఏటని రాయిద్దాం అర్జీ? రోడ్డు అడుగుదామా, దీపాలు అడుగుదామా?"

తవిటినాయుడు మూతి తుడుచుకున్నాడు.

"ఏదడిగినా పర్వాలేదత్తా. నీళ్ళ మాట మట్టుకు ఎత్తకు. మళ్ళీ ఇచ్చీగలరు."